రాత్రయితే అత్తయ్య నన్ను దొంగ అంటున్నారు

ఈ వారం ఉత్తరం గుంటూరు నుంచి వచ్చింది. రాసినావిడకు నలభై ఒక్కేళ్ళు. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీలు రాశారు. కొంత నా మాటల్లో, కొంత ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

అత్తగారికి 66 ఏళ్ళు. నాలుగేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. పోయిన ఏడాది అది వెన్నెముకకీ తుంటికీ పాకింది. ఇక కీమో వల్ల ఉపయోగం లేదు, నొప్పి లేకుండా ఇంట్లోనే చూసుకోండి అని డాక్టర్లు చెప్పారు. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర. రెండు వారాల కిందట నొప్పి పెరిగితే డోసు పెంచి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా మొదలుపెట్టారు. ఇంట్లో ఈవిడ, భర్త, ఇంటర్ చదివే కొడుకు. భర్తకి విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. ఆడపడుచు విజయవాడలో పటమటలో ఉంటారు.

"సంక్రాంతికి ముగ్గు ఎలా వేయాలో మంచం మీద నుంచే చెప్పారు. ఆ తర్వాత నెమ్మదిగా మాట తగ్గింది. సీరియల్ పెడితే కట్టేయమంటారు. మనవడు వచ్చి పక్కన కూర్చున్నా గోడవైపు తిరుగుతారు. 'మీకు భారమైపోయాను, ఏ జన్మలో చేసిన పాపమో' అంటారు. 'ఆ షాపులో మందు ఇంత పోసి పుణ్యం కట్టుకోరాదూ' అని ఒకసారి అన్నారు. జబ్బు మనిషి కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాం.

"ఎనిమిది రోజులుగా వేరేలా ఉంది. మధ్యాహ్నం దాకా మత్తుగా పడుకుంటారు. సాయంత్రం ఓ గంట మామూలుగా ఉంటారు, 'ఏమే, అన్నం తిన్నావా' అని కూడా అడుగుతారు. చీకటి పడితే మొదలు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు. దుప్పటి పీకుతూ ఉంటారు. ఎప్పుడో పోయిన వాళ్ళన్నయ్య తెనాలి నుంచి వచ్చాడు, వంట చెయ్యమంటారు. మా ఆయన్ని గుర్తుపట్టరు. నన్ను మాత్రం గుర్తుపడతారు. 'ఇది నా జావలో ఏదో కలుపుతోంది, నా గాజులు తీసింది' అని వీధంతా వినపడేలా అరుస్తారు. ఆ గాజులు పోయిన దసరాకి ఆవిడే కూతురి చేతికి తొడిగారు. ఇదంతా చూసి మా ఆయన ఒకరోజు, 'నువ్వేమైనా అన్నావా అమ్మని' అని అడిగారు. అన్నేళ్ళు కాపురం చేశాక ఆ మాట విన్నాను."

ఇంట్లో తలా ఒక మాట. మార్ఫిన్ వల్లే పిచ్చెక్కింది, ఆపేయండి అని భర్త చిన్నాన్న. గాలి సోకింది, తాయెత్తు కట్టించాలని మరొకరు. ఆడపడుచు ఆర్‌ఎంపీని అడిగి నిద్రమాత్రలు తెచ్చారు, విజయవాడలో సైకియాట్రిస్టుకి చూపిద్దామంటున్నారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "ఈ స్టేజ్‌లో ఇలాగే ఉంటుందమ్మా" అని పెట్టేశారు. మధ్యలో ఒకచోట, తన నడుం నొప్పి గురించి చెబుతూ, ఈవిడ ఇలా రాశారు: "దాహం దాహం అంటారు, గంటకోసారి మూత్రానికి లేపుతారు, ఐదు రోజులుగా విరేచనం లేదు." ఉత్తరం ముగింపు ఇది: "ఒక్కోసారి త్వరగా పోతే బాగుండుననిపిస్తుంది. నేనింత పాపిష్టిదాన్నా?"

*

అమ్మా,

మీ ఆరు పేజీల్లో నేను గీత గీసుకున్న వాక్యం ఆ నడుం నొప్పి వాక్యమే. దాహం, మూత్రం, విరేచనం. మీరు మీ చాకిరీ గురించి చెబుతున్నాననుకున్నారు. నాకు మాత్రం మీ అత్తగారి మతి ఎందుకు తప్పుతోందో అక్కడే ఆచూకీ దొరికినట్టనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఒక ముడి విప్పాలి.

మీరు ఒకే కథ అనుకుని రాసినవి రెండు కథలు. ఒకటి సంక్రాంతి తర్వాత మొదలై, రోజుకింత చొప్పున, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వచ్చింది. రెండోది ఎనిమిది రోజుల కిందట వచ్చి పడింది. మీరు రోజు లెక్కతో సహా చెప్పగలుగుతున్నారు చూశారా, అదే పెద్ద గుర్తు. దిగులు రోగం అలా తేదీ పెట్టుకుని రాదు. మతిమరుపు జబ్బు కూడా నెలల మీద, ఏళ్ళ మీద వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, రోజుల్లో మారిపోయి, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా రాత్రి మరోలా ఉంటే దానికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు: సంధి. వెనకటికి టైఫాయిడ్ జ్వరం ముదిరిన మనిషి ఏదేదో మాట్లాడితే "సంధి ప్రేలాపన" అనేవాళ్ళు. ఆ మనిషికి పిచ్చి అని ఎవరూ అనేవాళ్ళు కాదు. జ్వరం దిగితే మాట కూడా దారిలో పడుతుందని అందరికీ తెలుసు. డాక్టర్లు డెలిరియం అంటారు. మంచి మాట వాడుకలోంచి పోయింది, దాంతో పాటు ఆ తెలివి కూడా కొంత పోయింది.

సంధిలో మెదడు తనంతట తాను చెడిపోయి ఉండదు. ఒంట్లో ఎక్కడో ఏదో తేడా వస్తే, ఆ దెబ్బ మెదడుకి తగులుతుంది. ముందుగా పోయేది జ్ఞాపకం కాదు, ధ్యాస. మీరే ఇంట్లో చూడొచ్చు. ఆవిడ కాస్త మెలకువగా ఉన్నప్పుడు, పరీక్షలా కాకుండా మాటల్లో పెట్టి, వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. శనివారం, శుక్రవారం దాకా వచ్చి ఎక్కడున్నారో మరచిపోయినా, మధ్యలో దుప్పటి వైపు చూస్తూ ఉండిపోయినా, ధ్యాస నిలవడం లేదని అర్థం. దిగులుతో ఉన్న మనిషి "నాకెందుకే ఇవన్నీ" అని విసుక్కోవచ్చు. కానీ చెప్పడం మొదలుపెడితే మెల్లగానైనా చివరిదాకా చెబుతుంది.

ఇక ఆ దాహం సంగతి. రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకినప్పుడు ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి ఎక్కువగా దిగడం అరుదేమీ కాదు. అది పెరిగితే విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, పగలంతా మత్తు, ఆ తర్వాత ఈ తికమక వస్తాయి. మీరు రాసిన వరుస దాదాపు ఇదే. ఇంకో సంగతి: డెక్సామెథసోన్ షుగర్‌ని పెంచుతుంది. ఇంతకుముందు షుగర్ లేనివాళ్ళకి కూడా. దాహం, మూత్రం దానివల్ల కూడా కావచ్చు. ఇదే జరిగిందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ రెండూ మామూలు రక్తపరీక్షలో తేలిపోయేవి. కాల్షియం, ఆల్బుమిన్, సోడియం, క్రియాటినిన్, షుగర్, రక్తకణాల లెక్క. మీ వీధిలో ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి ఒక్క సూదితో తీసుకువెళతాడు. కాల్షియం పెరిగి ఉంటే సెలైన్, ఎముకలకిచ్చే ఒక ఇంజెక్షన్‌తో సాధారణంగా రెండు మూడు రోజుల్లో దిగడం మొదలవుతుంది. "ఈ స్టేజ్‌లో ఇలాగే ఉంటుంది" అన్న మాట మీద నాకు కోపం అందుకే. చివరి రోజుల్లో సంధి చాలామందికి వస్తుంది, నిజమే. వచ్చిన ప్రతి సంధీ చివరిది కాదు.

మిగతావి కూడా చూడాలి. ఐదు రోజుల మలబద్ధకం ఒక్కటే చాలు పెద్దవాళ్ళ మతి చెదరడానికి. మార్ఫిన్ రాసినప్పుడు దానితో పాటు విరేచనం మందు కూడా రాయాలి. రాశారా, రాస్తే ఇస్తున్నారా చూడండి. మూత్రం కొంచెం కొంచెంగా మాటిమాటికీ వస్తుంటే, లోపల నిండిపోయి పొంగుతోందేమో డాక్టరు పొత్తికడుపు నొక్కి చూడాలి. మూత్రంలో మంట, జ్వరం, దగ్గు, కఫం ఉన్నాయా? మన గుంటూరు ఎండలు తెలిసినవే, నీళ్ళు చాలడం లేదేమో. ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో ఒక కాగితం మీద రాయండి. స్టెరాయిడ్ సాయంత్రం వేళ వేస్తున్నట్లయితే నిద్ర ఎగిరిపోతుంది. దాన్ని పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చొచ్చా అని అడగండి. అదే మందు కొందరిలో అనుమానాలు, భ్రమలు కూడా తెప్పిస్తుంది. వాంతికిచ్చే కొన్ని మాత్రలు మనిషిని ఒకచోట నిలవనీయవు, చూసేవాళ్ళకి అది టెన్షన్‌లా కనిపిస్తుంది. దురద మాత్ర, జలుబు మాత్ర ఇంట్లో ఉన్నాయి కదా అని వేస్తుంటే అవి కూడా ఆ కాగితంలోకి ఎక్కాలి.

ఒక విషయం మాత్రం ఆలస్యం చేసేది కాదు. వెన్నులో జబ్బు ఉంది కాబట్టి, కాళ్ళు పట్టు తప్పినా, మొద్దుబారినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. ఈ ఒక్కదానికి నా దగ్గర రెండో మాట లేదు.

మార్ఫిన్ ఆపేయమన్న చిన్నాన్నగారికి కోపం తెప్పించకుండా ఎలా చెబుతారో మీ ఇష్టం గానీ, ఒక్కసారిగా ఆపొద్దు. డోసు పెంచాక తికమక రావడం నిజమే, కిడ్నీ సరిగ్గా పని చేయకపోతే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది కూడా. మత్తు మరీ ఎక్కువైనా, నిద్రలో చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు కొట్టుకుంటున్నా, ఊపిరి మరీ నెమ్మదించినా డాక్టరుకి వెంటనే చెప్పాలి. డోసు తగ్గించడమో, వేరే మందుకి మార్చడమో ఆయన చేస్తారు. కానీ ఉన్నపళాన ఆపితే నొప్పి విరుచుకుపడుతుంది. చెప్పుకోలేని నొప్పి కూడా మనిషిని రాత్రంతా అరిపిస్తుంది. అప్పుడు మార్ఫిన్ ఆపినా పిచ్చి తగ్గలేదే అంటారు మీవాళ్ళు.

ఆడపడుచు తెచ్చిన నిద్రమాత్రలు పక్కన పెట్టండి. ఆవిడ ప్రేమతోనే తెచ్చారు. ఆ రకం మాత్రలు సంధిని చాలాసార్లు ఇంకా ముదురుస్తాయి. రాత్రి మత్తు, తెల్లారి మరింత తికమక. భయంతో, భ్రమలతో ఆవిడ మరీ అల్లాడిపోతుంటే వేరే రకం మందు చాలా చిన్న డోసులో, కొద్దిరోజులకి డాక్టరు రాయొచ్చు. ఏది, ఎంత అన్నది ఆవిడని చూసిన డాక్టరే చెప్పాలి. ఆర్‌ఎంపీ కాదు, నేనూ కాదు.

తాయెత్తు కట్టిస్తామంటే కట్టించనివ్వండి. దానివల్ల మీ ఇంట్లో ఒక పెద్దావిడ మనసు కుదుటపడుతుంది, నష్టం లేదు. పొగ వేయడం, వేపమండలు ఝాడించడం, పస్తు పెట్టడం మాత్రం వద్దు. తాయెత్తు కట్టారు కదా అని రక్తపరీక్ష మానేయడం కూడా వద్దు.

ఇప్పుడేం చేయాలన్నదానికి మూడు దారులున్నాయి. వెంటనే ఆసుపత్రిలో చేర్చడం ఒకటి. గుంటూరు జీజీహెచ్‌లో క్యాన్సర్ విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. పరీక్షలన్నీ ఒకచోట అవుతాయి, కాల్షియం పెరిగి ఉంటే ఎలాగూ సెలైన్ ఎక్కించాలి. కానీ తుంటి ఎముకలో జబ్బున్న మనిషిని ఎత్తి దించడమే ఒక యాతన, ఎముక విరిగే భయం ఉంటుంది. పైగా కొత్త గది, కొత్త ముఖాలు, రాత్రంతా లైట్లు సంధిని పెంచుతాయి. రెండోది, రక్తం ఇంటి దగ్గరే తీయించి, రిపోర్టులు ఆసుపత్రికి పంపి, డాక్టరునో నర్సునో ఇంటికి రప్పించుకోవడం. ఇందులో ఒకట్రెండు రోజులు పడుతుంది, వెంటపడి ఫోన్లు చేసే మనిషి కావాలి. మీ ఆయన ఆ పని చేయాలి. మూడోది, ఏ పరీక్షా వద్దు, భయం, బాధ లేకుండా మందులిస్తే చాలనుకోవడం. ఇది తప్పు దారి ఏమీ కాదు. తిండి నీళ్ళు పూర్తిగా మానేసి, రోజంతా నిద్రలో ఉండి, మనిషి వెళ్ళిపోతోందని అందరికీ తెలుస్తున్నప్పుడు సూదులతో పొడవడంలో అర్థం లేదు. కానీ సాయంత్రాలు "అన్నం తిన్నావా" అని అడుగుతున్న మనిషి ఇంకా అక్కడికి చేరలేదనే నాకనిపిస్తోంది. మీ స్థానంలో ఉంటే రెండో దారితో మొదలుపెట్టి, రిపోర్టు చెప్పేదాన్ని బట్టి మొదటిదానికి సిద్ధంగా ఉండేవాణ్ణి. రేపే తీయించండి. తనకి ఏది కావాలో ఆవిడ ఇంతకుముందు ఎప్పుడైనా అని ఉంటే, ఆసుపత్రిలో పోనివ్వకండి అనో, చేయగలిగింది చేయండి అనో, ఆ మాటకి నా మాట కన్నా బరువివ్వండి.

విజయవాడలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలన్నది చెడ్డ ఆలోచన కాదు, వరుస తప్పిన ఆలోచన. ఒంట్లో కారణం తేలకుండా కారులో గంటకు పైగా కుదుపులతో ఆవిడని కదిలించి, సూర్యారావుపేటలో టోకెన్ పట్టుకుని కూర్చోబెడితే, ఆ సైకియాట్రిస్టు కూడా ముందు రక్తపరీక్షే రాస్తాడు. నేనైతే అదే రాస్తాను. ఆయన అవసరం సంక్రాంతి కథకి ఉంటుంది.

ఆ మాట ఎత్తేముందు గాజుల గురించి, జావ గురించి చెప్పాలి. సంధిలో మెదడు తనకి అర్థం కానిదాన్ని ఏదో ఒక కథగా అల్లుకుంటుంది. నోరు చేదుగా ఉంది, జావ రుచి మారింది, కాబట్టి ఎవరో ఏదో కలిపారు. చేతులు బోసిగా ఉన్నాయి, కాబట్టి గాజులు పోయాయి. ఎవరు చేసి ఉంటారు? రోజంతా ఎదురుగా ఉండేది మీరు. కడిగేదీ తుడిచేదీ మందు మింగించేదీ మీరు. అందుకే కొడుకుని గుర్తుపట్టని మనిషి మిమ్మల్ని గుర్తుపడుతోంది. ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్నదే ఇప్పుడు బయటికొచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. నిజంగా మనసులో ఉన్నది చూడాలంటే ఆ సాయంత్రపు గంటలో చూడండి. అప్పుడావిడ మీ అన్నం సంగతి అడుగుతున్నారు.

ఈ పేరా మీ ఆయనకి చదివి వినిపించండి. బాబూ, మీ అమ్మగారి మీద బెంగతో అడిగిన మాటే అది, తెలుసు. కానీ రాత్రి మూడింటికి దొంగ అనిపించుకుని, ఐదింటికి లేచి అదే చేత్తో జావ కాచే మనిషిని అడగాల్సిన మాట కాదు. ఈ రాత్రి నుంచి రెండింటి దాకా ఆవిడ, రెండు తర్వాత మీరు. జావ కొన్నాళ్ళు మీరే తాగించండి.

అరిచినప్పుడు వాదించొద్దు. "చీమల్లేవు, చూడు" అంటే ఆవిడ కళ్ళు అబద్ధమన్నట్టవుతుంది. "ఏవి, ఎక్కడ" అని వెతికితే చీమలున్నట్టవుతుంది. భయానికి జవాబు చెప్పండి: "భయమేస్తోందా అత్తయ్యా? నేనిక్కడే ఉన్నాను, ఇది మనిల్లే." చిన్న దీపం వెలగనివ్వండి, చీకట్లో దుప్పటి మడత కూడా పాములా కనిపిస్తుంది. పగలు కిటికీ తెరవండి. కళ్ళజోడు ముఖాన ఉండాలి, గడియారం ఎదురుగా ఉండాలి. గదిలో జనం తగ్గాలి. చేతులు మాత్రం కట్టకండి, అది చూస్తే ఆవిడ భయమే నిజమవుతుంది. వాళ్ళన్నయ్య వచ్చాడని ప్రశాంతంగా అంటుంటే దాన్ని తగ్గించాలని పరుగెత్తనక్కరలేదు. పోయినవాళ్ళు కనిపించడం ఇలాంటి రోగుల్లో కొత్త కాదు. చాలామందికి అది ఊరటే. "మామయ్య బాగున్నారా" అని అడిగి చూడండి. మందు కావాల్సింది చీమల భయానికి.

ఇక సంక్రాంతి కథ. దీన్ని జబ్బు మనిషి లక్షణమనుకుని మూడు నెలలు వదిలేశారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఇలాంటి రోగుల్లో డాక్టర్లు కూడా దీన్ని చాలాసార్లు అలాగే వదిలేస్తారు. ఇక్కడ చిక్కు ఉంది. మామూలు మనిషిలో డిప్రెషన్‌ని పోల్చుకునే గుర్తులు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, నీరసం, నిద్రలేమి, ఇవన్నీ క్యాన్సర్‌లో ఎలాగూ ఉంటాయి. కాబట్టి వాటిని పక్కన పెట్టి చూడాలి. దుఃఖం అలలా వస్తుంది పోతుంది. ఏడ్చిన మనిషే మధ్యలో మనవడి మాటకి నవ్వుతుంది, ఆవకాయ పెట్టారా అని అడుగుతుంది. మీ అత్తగారిలో ఆ నవ్వే పోయింది. మనవడు పక్కనున్నా తిరగకపోవడం, ఇష్టమైన సీరియల్ కట్టేయమనడం, భారమయ్యాననడం, జబ్బుని తన పాపానికి శిక్షగా అనుకోవడం, ఇవి నెలల తరబడి నిలిచిపోవడం, వీటిని నేను క్యాన్సర్ ఖాతాలో వేయను.

అయితే దీన్ని ఇప్పుడు తూచలేం. సంధిలో ఉన్న మనిషి దిగులుని కొలవడం పొంగుతున్న కాలవలో లోతు చూడటం లాంటిది. అరుపులు లేకుండా, మూలన ముడుచుకుని మత్తుగా పడి ఉండే సంధి కూడా ఒకటుంది. చూసేవాళ్ళకి అది అచ్చం డిప్రెషన్‌లా ఉంటుంది. ముందు సంధి దిగాలి.

దిగాక, అడగండి. 1997లో కెనడాలో చోచినోవ్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్ళు 197 మంది రోగుల్ని, చివరి దశ క్యాన్సర్‌తో ఉన్నవాళ్ళని, రకరకాల పద్ధతుల్లోనూ అడిగారు, ఒకే ఒక్క ప్రశ్నతోనూ అడిగారు: మీరు దిగులుగా ఉన్నారా? ఆ ఒక్క ప్రశ్నే అన్నిటికన్నా బాగా పట్టించింది. మన దగ్గర అదే మాట పనిచేస్తుందని నేననను. మన పెద్దావిడలు "డిప్రెషన్" అనరు. గుండెల్లో బరువంటారు, గాబరా అంటారు, దేనిమీదా మనసు పోవట్లేదంటారు. మీరు తల దువ్వుతూ "మనసెలా ఉంది అత్తయ్యా, దేనిమీదైనా ఇష్టం పుడుతోందా" అంటే చాలు. జవాబుకి తొందరపెట్టకండి.

"మందు పోసి పుణ్యం కట్టుకోరాదూ" అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. "దేవుడా తీసుకుపో" అనడం మన పెద్దవాళ్ళ నోట మామూలే. చాలాసార్లు దానికి అలసిపోయాను అనే అర్థం. కానీ మీ ఇంట్లో ఆ మాటకి పక్కన నిజంగానే పురుగుమందు ఉంది. షాపు డబ్బాలు, పొలానికని తెచ్చి పెరట్లో ఉంచినవి ఈరోజే ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. మార్ఫిన్ మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి, తాళంచెవి మీ దగ్గరో మీ ఆయన దగ్గరో. ఆవిడ లేవలేదు కదా అనుకోవద్దు. ఇంట్లో ఇంత బరువు మోస్తున్నవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఆవిడ తేరుకున్నాక సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగేవాళ్ళు దొరికితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నొప్పి భరించలేక అంటున్నారా, మీకు చాకిరీ అని అంటున్నారా, భయంతోనా? ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోటి.

భయం అన్నాను కదా. ఆవిడకి కీమో ఎందుకు ఆపారో చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. మన ఇళ్ళల్లో సాధారణంగా చెప్పరు. "తగ్గిపోతుందిలే" అంటూ ఉంటే, ఒళ్ళు వేరే మాట చెబుతుంటే, ఆ మనిషి మౌనంలోకి వెళ్ళిపోతుంది. అంతా చెప్పేయమని నేననను. వినడం ఇష్టం లేనివాళ్ళు కూడా ఉంటారు. ఎంత తెలుసుకోవాలనుందో ఆవిడనే అడగొచ్చు. చెబితే కొన్నాళ్ళు ఏడుపు ఉంటుంది. చెప్పకపోతే ఆవిడ ఆ గోడవైపు ఒంటరిగానే చూస్తూ ఉంటారు. ఈ పని కూతురు చేస్తే బాగుంటుందని నాకనిపిస్తోంది. నిద్రమాత్రలు తెచ్చేంత ఆరాటం ఉన్నావిడ, ఆ ఆరాటానికి ఒక పని దొరుకుతుంది.

డిప్రెషనే అని తేలితే మందులున్నాయి. ఇలాంటివాళ్ళలో నిద్రనీ ఆకలినీ కూడా కాస్త బాగుచేసేవి ఉన్నాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే వాయిదా వేయొద్దంటున్నాను. చేతిలో ఎన్ని వారాలున్నాయో తెలియని ఇంట్లో రెండు వారాలు తక్కువేమీ కాదు. నొప్పి మందులు రాసే డాక్టరుకీ ఈ డాక్టరుకీ ఒకరు రాసింది ఇంకొకరికి తెలియాలి, కొన్ని మందులు కలిస్తే పడవు. థైరాయిడ్ కూడా ఒకసారి చూడమనండి. అప్పటికి కూడా ప్రయాణం కష్టమైతే మంగళగిరి ఎయిమ్స్‌లోనో జీజీహెచ్‌లోనో సైకియాట్రీ ఓపీకి మీరూ మీ ఆయనా రిపోర్టులు పట్టుకుని వెళ్ళి, ఆవిడని వీడియోలో చూపించడానికి వీలవుతుందా అని అడగండి. అర్ధరాత్రి ఏం తోచనప్పుడు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. రోగి కోసమే అని లేదు, మీకోసం కూడా చేయొచ్చు.

మీ చివరి ప్రశ్న. త్వరగా పోతే బాగుండుననిపించడం పాపమా అని అడిగారు. ఎనిమిది రాత్రులు నిద్ర లేని మనిషికి అనిపించింది అది. ఇలాంటి ఇళ్ళల్లో ఎంతమంది కోడళ్ళు, కూతుళ్ళు, భార్యలు గొంతు తగ్గించి నాతో ఇదే మాట అన్నారో లెక్కలేదు. ఆ అన్నవాళ్ళే మర్నాడు పక్క దుప్పటి మార్చారు. రెండు రాత్రులు వరసగా పడుకున్నాక కూడా అదే అనిపిస్తుంటే, దేనిమీదా ఇష్టం లేకపోతే, మీకు కూడా డాక్టరు కావాలి. అది వేరే కేసు, మీ అత్తగారి ఫైలులో కలపకండి.

రేపు ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు "అత్తయ్య అదోలా ఉన్నారు" అనొద్దు. అంటే మళ్ళీ అదే జవాబొస్తుంది. ఇలా చెప్పండి: "ఎనిమిది రోజుల నుంచి ఉన్నట్టుండి తికమక, రాత్రి ఎక్కువ, సాయంత్రం మామూలు. ఎముకల్లో క్యాన్సర్ ఉంది. దాహం, మూత్రం ఎక్కువ, ఐదు రోజులుగా విరేచనం లేదు. రెండు వారాల కిందట మార్ఫిన్ పెంచారు, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కాల్షియం, షుగర్ చూపిస్తున్నాం, రిపోర్టు ఎవరికి పంపాలి?" ఇది విన్నాక ఫోన్ పెట్టేయడం కష్టం.

సంధి దిగినవాళ్ళలో చాలామందికి అన్నమాటలు ముక్కలు ముక్కలుగా గుర్తుంటాయి. సిగ్గుపడతారు, తనకి పిచ్చెక్కిందేమోనని భయపడతారు. ఆవిడ కదిపితే "కాల్షియం పెరిగి అలా అయింది అత్తయ్యా" అనండి, మలబద్ధకం వల్లయితే అదే అనండి. గాజుల సంగతి మీరు ఎత్తొద్దు. మీ ఆడపడుచు ఈసారి వచ్చేటప్పుడు అవి వేసుకుని రమ్మనండి. ఆ సాయంత్రపు గంటలో వచ్చి, ఆ చేత్తోనే ఆవిడకి మంచినీళ్ళు తాగించమనండి.